లోనర్ కారు ఒక స్పీడు దాటనంటే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

సొంత కారు సర్వీసుకి ఇచ్చి, వాళ్లిచ్చిన లోనర్ కారులో బయల్దేరాక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముల్లు 80 దగ్గరో 120 దగ్గరో అతుక్కుపోయిందంటే, ఇంజిన్‌లో ఏదో తేడా ఉందన్న అనుమానమే ముందు వస్తుంది. చాలాసార్లు తేడా ఏమీ ఉండదు. ఆ పరిమితి ఎవరో పెట్టిందే: అంతకు ముందు నడిపిన కస్టమర్ కావచ్చు, సర్వీస్ సెంటర్ కావచ్చు, కారు చేసిన కంపెనీయే కావచ్చు. ఎవరు పెట్టారో తేలితే ఎవరు తీయగలరో కూడా తేలిపోతుంది. స్టీరింగ్ మీది బటన్‌తో పోయేదానికి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి కూర్చోనక్కర్లేదు. తాళంలో ఉన్న పరిమితిని మాత్రం మెనూలన్నీ తిరగేసినా మీరు తీయలేరు.

ముందు తేల్చుకోవాల్సింది: ఆగుతున్నది స్పీడా, ఆర్‌పీఎమ్మా, పికప్పా?

ఈ మూడూ నడిపేవాళ్లకి ఒకేలా అనిపిస్తాయి, కానీ కారణాలు వేరు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, అక్కడి చట్టం ఒప్పుకునే వేగంలోనే, గేరు మార్చి చూడండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి.

ఏ గేరులో ఉన్నా కారు అదే కిలోమీటర్ల దగ్గర ఆగి, అక్కడిదాకా పికప్ మామూలుగానే ఉంటే అది స్పీడ్ లిమిటర్. గేరు మారిస్తే ఆగే స్పీడు కూడా మారుతూ, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మాత్రం ప్రతిసారీ 2500 నుంచి 3000 మధ్య ఒకే చోట ఆగుతుంటే అది లింప్ మోడ్. అంటే లోపం వచ్చి ఇంజిన్ తనను తాను కాపాడుకుంటోందన్నమాట. కారు మొదటినుంచీ బద్ధకంగా కదులుతూ, ఎత్తెక్కేటప్పుడు ఇంకా పడిపోతుంటే దానికీ లిమిటర్‌కీ సంబంధం లేదు. లిమిటర్ ఉన్న కారు చదునులోనూ ఎత్తులోనూ ఒకే అంకె దగ్గర ఆగుతుంది, శక్తి చాలని కారుకి ఎత్తులో ఆ అంకె కూడా రాదు.

కారు ఎలా ఆగుతోందన్నది కూడా గమనించండి. మెత్తగా, ఎవరో పాదం కింద నుంచి పెడల్ లాగేసుకున్నట్టు ఆగితే అది ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజిన్ లాగే బలాన్ని తగ్గించే కంపెనీ లిమిటర్. ఆ స్పీడు దగ్గర కారు పదేపదే కుదుపుతో వెనక్కి లాగుతుంటే ఇంధనం కోసేసే రకం కావచ్చు, లేదా బయట నుంచి బిగించిన లిమిటర్ పెట్టె కావచ్చు. రెండోదాని గురించి కింద వివరంగా ఉంది.

ఆగిన అంకె చూస్తే సగం పని అయిపోయినట్టే

30, 50, 80, 100 లాంటి గుండ్రటి అంకె దగ్గర ఆగి, మీటర్‌లో చిన్న గడియారం లాంటి బొమ్మో 'లిమ్' అన్న అక్షరాలో కనిపిస్తే డ్రైవర్ పెట్టుకునే లిమిటర్. 105, 113, 121, 129 లాంటి వింత అంకెలయితే అవి మైళ్లలో పెట్టినవి: వరసగా 65, 70, 75, 80 మైళ్లు. తాళంలో పరిమితి పెట్టే ఫోర్డ్ మైకీ లాంటి ఏర్పాట్లలో ఇలాంటి అంకెలే వస్తాయి. టెస్లా 113 దగ్గర ఆగితే వాలే మోడ్ (పార్కింగ్ కుర్రాడికి కారు ఇచ్చేటప్పుడు పెట్టేది) ఆన్‌లో ఉందేమో చూడండి. ఎలక్ట్రిక్ కారు 90 దగ్గరో 96 దగ్గరో 115 దగ్గరో ఆగితే డ్రైవ్ మోడ్‌ని అనుమానించండి.

వోల్వో 180 దగ్గర ఆగితే అందులో లోపం ఏమీ లేదు. 2020 నుంచి ఆ కంపెనీ కార్లన్నిటికీ అదే గరిష్ఠం. చాలా జర్మన్ కార్లకి అది 250. ఈ రెండూ సర్వీస్ అడ్వైజర్‌తో మాట్లాడాల్సిన విషయాలు కావు, అసలు రోడ్డు మీద మీకు ఎదురు కాకూడని అంకెలు కూడా.

ఒక్క మాట. మీటర్ యూనిట్లు ఎవరైనా మార్చి ఉంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. స్టీరింగ్ ముందుండే డిజిటల్ మీటర్ల తెర, అంటే క్లస్టర్‌లో ఎవరో మైళ్లు పెట్టి వదిలేస్తే, 80 కిలోమీటర్ల పరిమితి మీకు '50' అని కనిపిస్తుంది. కారు 50 దాటట్లేదని గాభరాపడే ముందు అంకె పక్కన యూనిట్ ఏముందో చూడండి.

సమస్య: మీటర్‌లో లిమిటర్ గుర్తు ఉంది, కారు ఆ అంకె దాటట్లేదు

కారణం: క్రూజ్ కంట్రోల్ (పెడల్ తొక్కకుండానే స్పీడు నిలిపే ఏర్పాటు) బటన్ల గుంపులోనే లిమిటర్ బటన్ కూడా ఉంటుంది. అలవాటు లేని కారులో క్రూజ్ అనుకుని లిమిటర్ నొక్కేయడం తేలిక. ముందు కస్టమర్ ఆన్ చేసి వదిలేసిందీ కావచ్చు. చాలా కార్లలో ఇంజిన్ ఆపితే లిమిటర్ కూడా ఆగిపోతుంది. కొన్నింటిలో మాత్రం డ్రైవర్ ప్రొఫైల్‌తో పాటు గుర్తుండిపోతుంది, అదే ప్రొఫైల్‌లో మీరు స్టార్ట్ చేస్తే పాత పరిమితి మళ్లీ వస్తుంది.

పరిష్కారం: స్టీరింగ్ మీద లిమిటర్ గుర్తున్న బటన్ ఒకసారి నొక్కండి. కొన్నింటిలో 'క్యాన్సిల్' నొక్కితే తాత్కాలికంగా పక్కకి పోతుంది, పూర్తిగా ఆఫ్ కావాలంటే మోడ్ బటన్ నొక్కి క్రూజ్‌కో ఆఫ్‌కో మార్చాలి. గుర్తు బూడిద రంగులోకి మారితే అది నిద్రపోయింది అంతే, 'రెజ్యూమ్' తగిలితే మళ్లీ లేస్తుంది. గుర్తు పూర్తిగా పోయేదాకా చూడండి. అది పోయి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తిరిగొస్తుంటే ప్రొఫైల్‌ని 'గెస్ట్'కి మార్చండి.

ఓవర్‌టేక్ మధ్యలో లిమిటర్ అడ్డుపడితే బటన్ కోసం వెతకొద్దు. పెడల్‌ని చివరిదాకా, అడుగున 'టక్' అనే మెట్టు దాటేలా తొక్కండి. దాన్నే కిక్‌డౌన్ అంటారు. డ్రైవర్ పెట్టుకునే లిమిటర్లు దాదాపు అన్నీ దీనితో తాత్కాలికంగా తప్పుకుంటాయి, మీటర్‌లో అంకె మెరుస్తుంది, స్పీడు మళ్లీ పరిమితి కిందకి దిగాక లిమిటర్ దానంతట అదే పనిలోకి వస్తుంది. తాళంలో పెట్టిన పరిమితికీ సర్వీస్ సెంటర్ పెట్టిన పరిమితికీ ఈ వెసులుబాటు ఉంటుందని మాత్రం లెక్కేసుకోవద్దు. అందుకే ఓవర్‌టేక్ అవసరం రాకముందే తెలుసుకోవాలి. అప్పటికే ఎదురు లేన్‌లో ఉండగా కారు లాగడం మానేస్తే పెడల్ కొట్టుకుంటూ ఉండకుండా కాలు తీసి, వెనక ఖాళీ చూసుకుని మీ లేన్‌లోకి వచ్చేయండి.

సమస్య: కిక్‌డౌన్ కూడా పనిచేయట్లేదు

కారణం తరచూ పాదాల కిందే ఉంటుంది. లోనర్ కారుకి కార్పెట్ మ్యాట్ మీద రబ్బరు మ్యాట్, దాని మీద సర్వీసు వాళ్లు పరిచే కాగితమో ప్లాస్టిక్ షీటో, ఇలా మూడు పొరలు పేరుకుంటాయి. మ్యాట్ ముందుకు జారి దాని అంచు పెడల్ వెనక చేరితే పెడల్ చివరి సెంటీమీటరు కిందకి దిగదు. కిక్‌డౌన్ మెట్టు ఉండేది సరిగ్గా ఆ చివర్లోనే. మామూలు నడకలో తేడా తెలియదు, పూర్తిగా తొక్కాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది.

పరిష్కారం: కారు ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, పెడల్‌ని చేత్తో కిందిదాకా నొక్కండి. చివర్లో టక్‌మనే మెట్టు తగలాలి. తగలకపోతే పై మ్యాట్లు తీసి డిక్కీలో పడేయండి, అడుగు మ్యాట్‌ని నేల మీది కొక్కేలకి బిగించండి. మెట్టే లేని కార్లూ ఉన్నాయి, ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ. వాటిలో పెడల్‌ని వేగంగా అడుగుదాకా తొక్కడమే కిక్‌డౌన్ కింద లెక్క. ఇదే మ్యాట్ అటు తిరిగి పెడల్ మీదకి ఎక్కితే స్పీడు తగ్గకపోవడం అనే ఇంకా ప్రమాదకరమైన సమస్య వస్తుంది కాబట్టి, లిమిటర్ ఉన్నా లేకపోయినా చూడాల్సిన విషయమే ఇది.

సమస్య: ఎలక్ట్రిక్ లోనర్ 90 దగ్గర నిలిచిపోయింది, హెచ్చరిక ఏమీ లేదు

కారణం: ఎకో మోడ్. పెట్రోలు కార్లలో ఎకో అంటే పికప్ కాస్త మందగిస్తుంది, అంతే. ఎలక్ట్రిక్ కార్లలో అది గరిష్ఠ వేగాన్ని కూడా కోసేయొచ్చు. ఫోక్స్‌వాగన్ ఈ-గోల్ఫ్‌లో ఎకో పెడితే 115, ఎకో ప్లస్ పెడితే 90. హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్‌లో ఎకో ప్లస్‌కి 90. రెనో జోయీలో ఎకోకి 96. ఎకో ప్లస్‌లో ఏసీ కూడా ఆగిపోయేవి ఉన్నాయి, కాబట్టి కారు 90 దాటట్లేదు, పైగా ఏసీ చల్లబడట్లేదు అన్న జంట ఫిర్యాదు వస్తే ఇంకేం వెతకక్కర్లేదు.

పరిష్కారం: మోడ్‌ని నార్మల్‌కి మార్చండి. మార్చినా ఆగుతుంటే మీటర్‌లో తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. అది బ్యాటరీ అడుగంటిందనో, మరీ చల్లబడిందనో, వేడెక్కిందనో చెప్పే గుర్తు. చార్జింగ్ పెట్టడం, కాసేపు ఆగడం తప్ప దానికి బటన్ లేదు.

సమస్య: స్టార్ట్ చేయగానే తాళం గురించి ఏదో సందేశం వస్తోంది. బెల్టు పెట్టుకునేదాకా పాటలు రావు, సౌండ్ ఒక స్థాయి దాటదు, స్పీడూ దాటదు

ఈ లక్షణాలన్నీ కలిసి వచ్చాయంటే పరిమితి ఉన్నది మీ చేతిలోని తాళంలో. ఫోర్డ్‌లో మైకీ, షెవర్లే లాంటి జనరల్ మోటార్స్ కార్లలో టీన్ డ్రైవర్. స్పీడు వరకే అయితే వోల్వోలో కేర్ కీ. పిల్లల చేతికి కారు ఇచ్చే తల్లిదండ్రుల కోసం వచ్చిన ఏర్పాట్లివి. లోనర్ కార్లకి వాడుకోవడం సర్వీస్ సెంటర్లకి సులువు, ఎందుకంటే కారుకి వైరు కూడా ముట్టుకోనక్కర్లేదు.

మైకీ లెక్క ఇది. కొత్త కారు తాళాలన్నీ మొదట అడ్మిన్ తాళాలే. వాటిలో ఒకదాన్ని మైకీగా మారుస్తారు, పరిమితి ఆ తాళానికే అంటుకుని ఉంటుంది. తీయాలంటే అడ్మిన్ తాళంతో ఇగ్నిషన్ ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో మైకీ, అందులో క్లియర్, ఓకే బటన్ నొక్కి పట్టుకోవాలి. అలా చేస్తే ఆ కారుకి ఉన్న మైకీలన్నీ ఒకేసారి మామూలు తాళాలైపోతాయి. మైకీ ఒక్కటే చేతిలో ఉంటే ఆ క్లియర్ మీకు దక్కదు, ఆ ఏర్పాటు ఉద్దేశమే అది.

కాబట్టి పరిష్కారం ఫోను. 'కారు స్పీడు వెళ్లట్లేదు' అంటే వాళ్లు టోయింగ్ బండి పంపే ఆలోచనలో పడతారు. 'నాకిచ్చిన తాళం పరిమితి పెట్టిన తాళం, ఫలానా అంకె దగ్గర ఆగుతోంది, నేను హైవే మీద దూరం వెళ్లాలి, పరిమితి పెంచండి లేదా వేరే తాళం ఇవ్వండి' అని చెప్పండి. స్టార్ట్ చేసినప్పుడు వచ్చే సందేశాన్ని ఫొటో తీసి పంపితే మాట ఇంకా తొందరగా తెగుతుంది.

ఇందులో ఒక చిక్కు ప్రశ్న సర్వీస్ సెంటర్ వాళ్లకే ఎదురవుతుంది: పరిమితి పెట్టి ఇచ్చాం, కస్టమర్ మాత్రం దాటేస్తున్నాడు, ఎలా? పుష్ బటన్ స్టార్ట్ ఉన్న ఫోర్డ్‌లో మైకీ, అడ్మిన్ తాళం రెండూ కారులో ఉంటే కారు అడ్మిన్ తాళాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. రెండు తాళాలూ ఒకే రింగుకి తగిలించి ఇచ్చి ఉంటారు, అంతే సంగతి.

సమస్య: టెస్లా పరిమితి దగ్గరికి రాగానే శబ్దం చేస్తోంది, తీయబోతే పిన్ అడుగుతోంది

స్పీడ్ లిమిట్ మోడ్ అది. 80 నుంచి 193 కిలోమీటర్ల మధ్య ఎంతైనా పెట్టొచ్చు, నాలుగంకెల పిన్ ఉంటుంది, పరిమితికి దాదాపు 5 కిలోమీటర్ల ముందు నుంచే శబ్దం మొదలవుతుంది. మార్చాలంటే కారు పార్క్‌లో ఉండాలి. పిన్ మర్చిపోతే టెస్లా ఖాతా వివరాలతో తీసేయొచ్చు గానీ, లోనర్ ఖాతా మీది కాదు కదా. పిన్ ఊహించి కొట్టి చూడటం మానేసి, కారు ఇచ్చినవాళ్లనే అడగండి. 113 దగ్గర ఆగి, గ్లవ్ బాక్స్, ముందు డిక్కీ కూడా తెరుచుకోకపోతే అది వాలే మోడ్. పార్కింగ్ కుర్రాడి కోసం పెట్టి తీయడం మర్చిపోయి ఉంటారు.

సమస్య: తిన్నగా పోతున్న కారు ఉన్నట్టుండి తనే తగ్గిపోతోంది, లేదా పెడల్ గట్టిపడుతోంది

కారణం: రోడ్డు పక్క వేగ పరిమితి బోర్డులు చదివి స్పందించే ఇంటెలిజెంట్ స్పీడ్ అసిస్ట్. యూరోపియన్ యూనియన్‌లో 2022 జులై నుంచి కొత్త మోడళ్లకీ, 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. లోనర్లు సాధారణంగా కొత్త కార్లే కాబట్టి, పాత కారు నడిపేవాళ్లకి దీనితో మొదటి పరిచయం లోనర్‌లోనే అవుతుంది.

చదవడంలో పొరపాట్లు ఎక్కువగా మూడు చోట్ల. హైవే పక్కన దిగే దారికి పెట్టిన 40 బోర్డుని మీ రోడ్డుదే అనుకుంటుంది. ముందు లారీ వెనక అంటించిన గుండ్రటి 80 స్టిక్కర్ని బోర్డు అనుకుంటుంది. రోడ్డు పనులైపోయాక మ్యాపులో మిగిలిపోయిన పాత పరిమితిని పట్టుకుని వేలాడుతుంది. ముందు అద్దం మీద, వెనక చూసే అద్దానికి ఎగువన కెమెరా కన్నుండే చోట మురికో, పొగమంచో, టోల్ స్టిక్కరో ఉంటే పొరపాట్లు ఇంకా పెరుగుతాయి.

పరిష్కారం: అప్పటికప్పుడు పెడల్ ఇంకొంచెం గట్టిగా తొక్కితే చాలు, డ్రైవర్ మాటే నెగ్గేలా ఆ నిబంధన రాసి ఉంది. ఆ ప్రయాణానికి ఆపాలంటే సెట్టింగ్స్‌లో డ్రైవర్ అసిస్ట్ కిందో, స్టీరింగ్ మీది షార్ట్‌కట్‌తోనో ఆఫ్ చేయండి. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆన్ అవుతుంది, అది లోపం కాదు. కొన్ని కార్లలో లిమిటర్‌కి బోర్డు అంకెని తనంతట తాను ఎక్కించుకునే ఆప్షన్ విడిగా ఉంటుంది, దాన్ని 'అడిగి మార్చు' అన్న దానికి మార్చుకుంటే చిరాకు చాలావరకు పోతుంది.

సమస్య: స్పీడు ఆగట్లేదు, బీప్ మాత్రం వస్తోంది

ఇది లిమిటర్ కాదు, హెచ్చరిక. కొన్ని దేశాల్లో 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా బీప్ మోగడం నిబంధన, దాన్ని ఆపే బటన్ ఉండదు. వేరే అంకె దగ్గర మోగితే క్లస్టర్ మెనూలో స్పీడ్ అలర్ట్ అని ఉంటుంది, తీసేయండి.

సమస్య: సుమారు ఒకే స్పీడు దగ్గర కారు కుదుపుతోంది, ఒక్కోసారి ఇంజిన్ లైట్ వెలుగుతోంది, పెడల్‌కి స్పందన ఆలస్యం

ఇక్కడ కాస్త ఆగాలి. కంపెనీ లిమిటర్ ఇలా ప్రవర్తించదు. డ్రైవర్ వైపు డాష్‌బోర్డు కింద, పెడల్‌కి పైన, బయట నుంచి బిగించిన చిన్న నల్ల పెట్టె ఉండే అవకాశం ఎక్కువ.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. ఇప్పటి కార్లలో పెడల్‌కీ ఇంజిన్‌కీ మధ్య కేబుల్ ఉండదు. పెడల్‌లో రెండు సెన్సార్లు, చాలా కార్లలో ఆరు పిన్నుల కనెక్టర్: రెండు 5 వోల్టుల సప్లయ్‌లు, రెండు ఎర్తులు, రెండు సిగ్నళ్లు. పాదం పెట్టనప్పుడు మొదటి సిగ్నల్ 1 వోల్టుకి అటూ ఇటూ, పూర్తిగా తొక్కితే 4 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. రెండోది చాలా కార్లలో దానిలో సగం. ఈసీయూ రెండింటినీ ఎప్పుడూ పోల్చుకుంటూ ఉంటుంది. లిమిటర్ పెట్టె ఈ కనెక్టర్‌కీ ఈసీయూకి పోయే వైర్లకీ మధ్యలో కూర్చుంటుంది. పరిమితి రానంతవరకు సిగ్నళ్లని ఉన్నవున్నట్టు వదులుతుంది. రాగానే మీరు ఎంత తొక్కినా తక్కువ తొక్కినట్టు ఈసీయూకి చూపిస్తుంది.

రెండు సిగ్నళ్లనీ ఒకే నిష్పత్తిలో తగ్గించాలి. కనెక్టర్ వదులై ఒక పిన్ను సరిగా తగలకపోయినా, తడిసిన బూట్ల వల్ల తేమ చేరినా, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కాలు తగిలి హార్నెస్ (వైర్ల కట్ట) లాగినా ఆ నిష్పత్తి తప్పుతుంది. వెంటనే ఈసీయూ పి2138 అనే లోపం కోడ్ వేసుకుని లింప్ మోడ్‌లోకి పోతుంది. త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) దగ్గర ఇలాంటి తేడాకే వచ్చే కోడ్ పి2135. ఈ రెంటినీ కలిపేసి త్రాటిల్ బాడీ మార్చేసేవాళ్లున్నారు. పి2138 వచ్చి, కారులో బయటి లిమిటర్ ఉంటే కొత్త పార్టు కొనే ముందు ఆ పెట్టెనే చూడాలి.

కుదుపుకి ఇంకో కారణం పెట్టె స్పీడు తెలుసుకునే దారి. జీపీఎస్‌తో తెలుసుకునే రకానికి వేగం ఒక క్షణం ఆలస్యంగా అందుతుంది కాబట్టి పరిమితి దాటాక పట్టుకుంటుంది, దిగాక వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ ఊగిసలాటే మీకు తెలిసే కుదుపు. టన్నెల్‌లో, ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పోతే కొన్ని పెట్టెలు పరిమితిని వదిలేస్తాయి, కొన్ని ఆఖరి స్పీడునే పట్టుకుని ఉంటాయి. స్పీడ్ సెన్సార్ పల్సులు లెక్కపెట్టే రకానికి కిలోమీటరుకి ఎన్ని పల్సులన్నది సరిగా నేర్పకపోతే 100కి పెట్టిన పరిమితి 85 దగ్గరే పడుతుంది.

నడిపేవాళ్లు చేయాల్సింది: మ్యాట్లు సర్దండి, కారు ఆపి ఇంజిన్ ఆఫ్ చేసి కొన్ని నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. లైట్ పోయినా పోకపోయినా సర్వీస్ సెంటర్‌కి చెప్పండి. వైరు పీకడం, కత్తిరించడం చేయొద్దు. నీతి కోసం చెప్పే మాట కాదిది. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ కనెక్టర్ ఊడితే కారుకి పెడల్ ఉందన్న సంగతే తెలియదు, నడి రోడ్డు మీద ఐడిల్‌లో పడిపోతారు. పైగా సంతకం పెట్టిన లోనర్ ఒప్పందంలో మార్పులు చేయకూడదన్న షరతు సాధారణంగా ఉంటుంది, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి ముందు కనిపించేది ఆ తెగిన వైరే.

సర్వీస్ సెంటర్ చేయాల్సింది:

1. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, స్మార్ట్ కీ కారుకి దూరంగా పెట్టి, ఒకట్రెండు నిమిషాలాగాక పెట్టె కనెక్టర్లు రెండూ విప్పి, కారు అసలు హార్నెస్‌ని నేరుగా పెడల్‌కి తగిలించండి.
2. స్కానర్‌తో కోడ్లు చెరిపి, లైవ్ డేటాలో రెండు పెడల్ సిగ్నళ్లూ చూస్తూ పెడల్‌ని నెమ్మదిగా అడుగుదాకా తొక్కి వదలండి. మధ్యలో ఎక్కడా గెంతు ఉండకూడదు.
3. కోడ్ మళ్లీ వస్తే తప్పు పెడల్ సెన్సార్‌దో హార్నెస్‌దో. రాకపోతే పెట్టెదే.
4. పెట్టె మళ్లీ పెట్టేట్టయితే కనెక్టర్ టక్‌మని కూర్చోవాలి, హార్నెస్‌ని పెడల్ చేయి తిరిగే దారికి తగలకుండా టైతో కట్టాలి. తర్వాత స్థిరంగా 60లో నడుపుతూ జీపీఎస్‌తో పోల్చి క్యాలిబ్రేట్ చేయండి.

సమస్య: ఆర్‌పీఎం ఆగుతోంది, ఇంజిన్ లైట్ వెలిగింది, పెట్టె ఏమీ లేదు

అసలు లోపమే. టర్బో గొట్టం ఊడితే పి0299, డీజిల్ కారు పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో మసి నిండితే పి2463, స్పీడ్ సెన్సార్ పోతే పి0500 తరహా కోడ్లు వస్తాయి. లోనర్ డీజిల్ కార్లకి మసి నిండటం మామూలే, ఎందుకంటే వాటి బతుకంతా పది నిమిషాల ప్రయాణాలే, ఫిల్టర్ కాల్చుకునే తీరిక దొరకదు. ఎర్ర దీపం కాకుండా ఫిల్టర్ దీపం ఒక్కటే వెలిగితే, మాన్యువల్‌లో చెప్పిన స్పీడుకి తగ్గకుండా 15, 20 నిమిషాలు హైవే మీద నడిపితే తరచూ పోతుంది. ఇంజిన్ లైట్ మెరుస్తూ ఉంటే ఆ ప్రయత్నం వద్దు, పక్కకి తీసి ఆపేయండి. యాడ్‌బ్లూ (డీజిల్ పొగని శుభ్రం చేసే ద్రవం) అయిపోవచ్చిందన్న సందేశం కిలోమీటర్ల కౌంట్‌డౌన్‌తో వస్తుంటే మాత్రం ముందు అది నింపించండి, సున్నాకి చేరాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

సమస్య: 160 లేదా 190 లేదా 210 దగ్గర ఆగుతోంది, ఏం చేసినా దాటదు

ఈ వేగాలు చట్టబద్ధమైన చోట్ల మాత్రమే ఇది బయటపడుతుంది. అవి టైర్ల అంకెలు: క్యూ అంటే 160, టీ అంటే 190, హెచ్ అంటే 210. చలికాలపు టైర్లు వేసినప్పుడు సర్వీస్ సెంటర్ వింటర్ టైర్ పరిమితి పెడుతుంది. మెర్సిడెస్ లాంటి వాటిలో మామూలు లిమిటర్ ఆఫ్ చేసినా, కిక్‌డౌన్ తొక్కినా ఇది కదలదు. మెనూలో వింటర్ టైర్స్ అన్న చోట ఉంటుంది. ముందు టైరు పక్కన అక్షరం చదవండి, ఆ టైర్లే ఇంకా ఉంటే సెట్టింగ్ జోలికి పోవద్దు. సన్నటి స్పేర్ టైరు వేసి ఉంటే కారు ఎంత వెళ్లగలిగినా మీ పరిమితి దాని మీద రాసి ఉన్న 80.

సమస్య: పరిమితి 100 అన్నారు, ఫోన్‌లో 94 చూపిస్తోంది. లేదా దిగుడులో 100 దాటిపోతోంది

రెండూ మామూలే. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ మాత్రం పది శాతం, ఆ పైన 4 కిలోమీటర్ల దాకా చూపొచ్చు. అంటే మీటర్‌లో 100 ఉన్నప్పుడు అసలు వేగం 88 ఉన్నా లెక్క లోపలే. కంపెనీ లిమిటర్లు ఎక్కువగా మీటర్ అంకెనే పట్టుకుంటాయి. దిగుడు సంగతికి వస్తే, చాలా లిమిటర్లు యాక్సిలరేటర్‌ని తగ్గిస్తాయే గానీ బ్రేకు వేయవు. బరువు లాగితే దాటుతుంది, అలారం కొడుతుంది. బ్రేకు మీ పనే.

సమస్య: నేను అంత స్పీడు వెళ్లలేదు, అయినా అతివేగం అని సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది

స్టీరింగ్ కింద, మెకానిక్ స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ పోర్టులో చిన్న పరికరం గుచ్చి ఉంటే అది ట్రాకర్. అది సాధారణంగా వేగాన్ని ఆపదు, చేరవేస్తుంది. పీకితే పీకారన్న సంగతి కూడా చేరవేస్తుంది. తప్పుడు హెచ్చరికలు ఎక్కువగా హైవేకి ఆనుకుని సర్వీస్ రోడ్డు ఉన్న చోట వస్తాయి: మీరు హైవే మీద 90లో ఉంటే, జీపీఎస్ నాలుగు మీటర్లు పక్కకి జరిగి మిమ్మల్ని 40 రోడ్డు మీద పెడుతుంది. తేదీ, సమయం, చోటు అడిగి మ్యాపు మీద చూపించమనండి. ఎత్తైన భవనాల మధ్య ఒక్క క్షణం 140 అని నమోదై, ముందు వెనక 50 ఉంటే అది సిగ్నల్ ఎగిరి దూకడం. ఏ కారూ అలా పరుగెత్తదు.

కారు ఇచ్చేవాళ్లకి, తీసుకునేవాళ్లకి, తాళం చేతులు మారే చోట

ఇచ్చే కాగితం మీద 'వేగ పరిమితి ఉంది' అని రాస్తే చాలదు. ఎంత, కిలోమీటర్లా మైళ్లా, కిక్‌డౌన్‌తో దాటుతుందా దాటదా, తీయాలంటే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, ఈ నాలుగూ రాయాలి. తీసుకునేవాళ్లు గేటు దాటకముందే ఇంజిన్ స్టార్ట్ చేసి క్లస్టర్‌లో వచ్చే మొదటి సందేశాన్ని పూర్తిగా చదవాలి. అది మూడు నాలుగు సెకన్లకి మించి ఉండదు, బెల్టు పెట్టుకునే లోపే పోతుంది.

తిరిగొచ్చిన కారు విషయంలో సర్వీస్ సెంటర్లు మర్చిపోయేది ఫ్యాక్టరీ రీసెట్. కస్టమర్ ఫోను, కాంటాక్టులు చెరపడానికి ఇన్ఫోటైన్‌మెంట్ రీసెట్ చేస్తారు, దానితో ప్రొఫైల్‌లో ఉన్న లిమిటర్ సెట్టింగ్ కూడా పోతుంది, తర్వాతి కస్టమర్‌కి పరిమితి లేని కారు వెళ్తుంది. క్లస్టరో ఈసీయూనో మార్చినా, కొత్త తాళం ప్రోగ్రాం చేసినా అంతే. రీసెట్ చేశాక పరిమితి మళ్లీ పెట్టి, కస్టమర్‌కి ఇవ్వబోయే అదే తాళంతో స్టార్ట్ చేసి సందేశం వస్తోందో లేదో చూసి అప్పుడు కాగితం రాయండి.